దట్టించిన గుంతలు

ఆషాఢం గాలి మొదలైతే పంపు లైను అనే గని కూలీల ఇళ్ల వరసలో ఎవరూ ఆరుబయట బట్టలు ఆరేయరు. ఆరేస్తే మళ్లీ ఉతుక్కోవాల్సిందే. లైనుకు పడమటి దిక్కున సైనైడ్ దిబ్బ ఉంది. గనిలోంచి తీసిన రాయిని మిల్లులో పిండి చేసి, అందులోని బంగారం లాక్కొని, మిగిలిన బూడిదరంగు ఇసుకను కంపెనీ ఏండ్ల తరబడి అక్కడ పోసింది. ఒకనాడు గనికి తాళం వేసుకొని వెళ్లిపోయింది. బంగారం ఎవరి మెడల్లోకి పోయిందో ఎవరికీ తెలియదు. ఇసుక మాత్రం ఇప్పటికీ లైనువాళ్ల సంగటి చట్టిలోకే వస్తుంది.

అందుకే ప్రేమకు ఆ మొక్కలంటే అంత ఆశ. దిబ్బకూ లైనుకూ నడుమ, వాననీళ్లు పోయే రాజకాలువ వెంబడి, మూడు వరసల్లో కానుగ, వేప, నేరేడు మొక్కలు. ఊరు ఏటేటా పెనంలా కాగిపోతోందనీ, చెరువు కట్ట నుంచి బస్టాండు దాకా చెట్ల కొమ్మలు ఒకదాన్నొకటి అందుకొనేట్టు పెంచితే ఊరంతా చల్లబడుతుందనీ, ఎంత వాన పడినా నీళ్లు ఇళ్లలోకి రాకుండా నేలలోకి దిగుతాయనీ, దుమ్ము చెట్ల దగ్గరే ఆగిపోతుందనీ పథకం ఇంజనీరు చైత్ర ఒకరోజు కొళాయి దగ్గర లైను ఆడవాళ్లందరికీ చెప్పింది. గ్రీన్ కారిడార్ అంది దాన్ని. మిగతా మాటలు ఎవరికి ఎంత తలకెక్కాయో గాని, దుమ్ము ఆగుతుందన్న మాట ప్రేమ మనసులో నాటుకుపోయింది. ఆమె మామ వెంకటరమణప్ప గనిలో ముప్ఫై ఏండ్లు చేసి రొమ్మునిండా దుమ్ము నింపుకొని వచ్చినవాడు. గాలికాలంలో ఆయన పడుకోలేడు. గోడకు ఆనుకొని కూర్చునే తెల్లవారేదాకా దగ్గుతాడు. మొక్కలకు నీళ్లు పోసే మనిషి కావాలని కాంట్రాక్టరు తరఫున సూపర్వైజరు మూర్తి వచ్చి అడిగినప్పుడు, కూలి ఎంతని కూడా అడక్కుండా ప్రేమ ముందుకొచ్చింది.

ఆ సోమవారం పొద్దున ఆమె ట్యాంకరు పైపును చంకలో ఇరికించుకొని మొక్క మొక్కకూ తిరుగుతోంది. పైపు మూతిని బొటనవేలితో నొక్కిపట్టాలి. లేకపోతే నీళ్లు దూకి పాదు గట్టును కోసేస్తాయి. పాదు నిండగానే నురగ అణిగేదాకా ఆగి, తర్వాతి మొక్కకు పోవాలి. ఈమధ్య నురగ అణిగినా నీళ్లు ఇంకడం లేదు. గిన్నెలో పోసినట్టు నిలుస్తున్నాయి. భూమికి కడుపు నిండిందేమో అనుకుంది ప్రేమ. కాని ఆకులు అంచుల నుంచి మాడిపోతున్నాయి. చెరువు వైపు చివరనున్న కాసిని మొక్కలు తప్ప మిగతావన్నీ ఎండుపుల్లలయ్యాయి. ఆమె మాత్రం ఎండినవాటికి కూడా మానకుండా పోస్తూనే ఉంది. ఊపిరి పోయిందని తెలిసినా నోట్లో నీళ్లు పోస్తారు గదా, అలాగ.

ఆ నీళ్ల గురించి ఒక మాట చెప్పాలి. లైను కొళాయికి వారానికొకసారి నీళ్లొస్తాయి, అదీ వస్తే. ట్యాంకరేమో రోజూ వస్తుంది. పని మొదలైన కొత్తలో పక్కింటి పిల్లమ్మ బిందె చంకన పెట్టుకొని వచ్చింది. "ఒక్క బిందె పట్టు ప్రేమా, ఇంట్లో తాగేదానికి గూడా లేవు," అంది. ప్రేమ పైపు పక్కకు తిప్పుకుంది. "చెట్ల నీళ్లక్కా ఇవి. నీకిస్తే ఇంగొకరికి లేదనేదానికి నాకు నోరుంటాదా? చెట్లు లేస్తే మనకే గదా," అంది. పిల్లమ్మ ఖాళీ బిందెతో తిరిగిపోయింది. అప్పటినుంచి ఆమె ప్రేమతో మాట్లాడదు. ఆ రోజు ప్రేమ ఇంట్లోనూ బిందెలు బోర్లించే ఉన్నాయి. ఆ సంగతి పిల్లమ్మకు తెలుసు. తెలిసినా కోపం పోలేదు, పోదు కూడా. దప్పికతో ఉన్నవాళ్లకు న్యాయం చెబితే ఎక్కుతుందా?

జీపు వచ్చి ఆగింది. ముఖానికి చున్నీ చుట్టుకొని చైత్ర దిగింది. వెనక మూర్తి, ఆయన వెనక తెల్లచొక్కా గిరీశ్. ఈ గిరీశ్ ఊరికి తూర్పున వెలిసిన కొత్త లేఅవుట్ సంఘానికి అధ్యక్షుడు. ఆ కారిడార్ మా రోడ్డు పక్కగా పోవాలని మొదటినుంచీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నది ఆయనే. చైత్ర ఒక కానుగ మొక్క ఆకు పట్టుకుంది. ఆకు అప్పడంలా పొడైపోయింది.

"వీటికి నీళ్లు ఎవరు పోసేది?" అని అడిగింది.

మూర్తి ప్రేమ వైపు వేలు చూపించాడు.

"దినామూ పోస్తా ఉండాను మేడమ్. చూడండి, పాదులో తడి," అంది ప్రేమ.

"మేమొస్తామని తెలిసి ఈ పొద్దు పోసుంటావులే," అన్నాడు గిరీశ్. "లైను కొళాయికి వారానికొక తూరి నీళ్లు. ట్యాంకరు మాత్రం దినామూ వస్తాది. ఇంగ నీళ్లు చెట్లకు పోయినాయో, బిందెలకు పోయినాయో మేము విడమరిచి చెప్పాలనా మేడమ్?"

ప్రేమకు ఒక్క క్షణం ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. "ఒక్క చెంబు ఇయ్యలేదన్నా! అడగండి ఎవరినైనా. మూర్తి సార్, మీరు చూస్తా ఉండారు గదా, చెప్పండి!"

మూర్తి జీపు చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. పిల్లమ్మను ఖాళీ బిందెతో పంపిన రోజు అతను అక్కడే ఉన్నాడు. "మంచి పని చేసినావమ్మా, ఇట్లే ఉండాల," అని మెచ్చుకున్నాడు కూడా. ఇప్పుడు ఆ నోటికి ఏమొచ్చిందో!

చైత్ర చెడ్డది కాదు. తొందర మనిషి. ఎండిన మొక్కల వరసను చివరిదాకా ఒకసారి చూసి, "ఈ పార్టు వదిలేస్తాం," అంది. "ఇక్కడ చెట్లు నిలవడం లేదు, కాపాడేవాళ్లూ లేరు. శుక్రవారం లారీ పంపిస్తాను. బతికున్నవి లేపి లేఅవుట్ పక్కన నాటండి."

"మరి దుమ్ము గూడా లేఅవుట్‌కే పోతాదా మేడమ్?" అంది ప్రేమ.

చైత్ర ఆగింది. "దుమ్ము సంగతి వేరేగా చూస్తాం," అని జీపెక్కింది. లైను గుమ్మాల్లో ఆడవాళ్లందరూ నిలబడి చూస్తున్నారు. జీపు పోయినా పైపులోంచి నీళ్లు ప్రేమ కాళ్ల మీద పడుతూనే ఉన్నాయి. ఆమెకు ఆ ధ్యాసే లేదు.


వెంకటరమణప్ప గుమ్మం పక్క రాతి అరుగు మీద కూర్చొని ఉన్నాడు. కోడలు పైపు నీళ్లతో తడిసిన చీరతో వచ్చి చెప్పిందంతా విన్నాడు. వింటూ వింటూ ముఖం ఎర్రబడింది.

"దొంగనా? నా కోడల్నా?" అని లేవబోయాడు. దగ్గు తెర వచ్చి మళ్లీ కూర్చోబెట్టేసింది. ప్రేమ వీపు నిమిరింది. దగ్గు తగ్గాక ఆయన, "ఆ గుంతలు పూడ్చినప్పుడు నేను నిలబడి చూసినా పాపా. ఒక్కొక్కటీ నా చేత్తో పూడ్చినా. అట్లాంటి గుంతల్లో మొక్క ఎండినాదంటే ఆ నర్సరీ మొక్కల్లోనే ఏదో లోపముండాల," అన్నాడు.

మొక్కలు నాటిన వారం ప్రేమ ఊళ్లో లేదు. మామిడికాయల కోతకని రాయల్పాడులోని పుట్టింటికి పోయింది. తిరిగి వచ్చేసరికి మొక్కలు నిలబడి ఉన్నాయి, పాదుల మీద ఎర్రమన్ను మెరుస్తోంది. లైను మగవాళ్లంతా కలిసి చేశారనీ, మామే ముందుండి చేయించాడనీ అప్పుడు విని ఎంత సంతోషపడిందో. గని మూతపడ్డాక ఆయన అంత హుషారుగా పని చేసింది మళ్లీ ఆ రోజేనట.

సంగటి గిన్నె ముందు పెట్టుకుంది గాని ముద్ద దిగలేదు. పంటి కింద ఇసుక కరకరమంది. గోడ అవతలి నుంచి పిల్లమ్మ గొంతు వినిపించింది. ఎవరితో అంటున్నదో గాని, అందరికీ వినబడేట్టే అంది.

"బిందె ఇయ్యకుండానే దొంగ అయిపోయింది. ఇచ్చింటే పుణ్యమన్నా వచ్చుండు."

ప్రేమకు ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అందులో అబద్ధమేముంది? పక్కింటి గొంతు ఎండబెట్టి చెట్టు గొంతు తడిపింది. చెట్టూ దక్కలేదు, పక్కిల్లూ దక్కలేదు. గిన్నె మీద మూత పెట్టి లేచింది.


మరునాడు ట్యాంకరు రాలేదు. ఇక రాదని డ్రైవరు ఫోనులో చెప్పాడు. శంకర్, అంటే ఆమె మొగుడు, నరసాపురం ఫ్యాక్టరీ బస్సుకు పోతూ, "పోనీలే, వదిలెయ్. ఆ కూలి లేకుంటే మనం బతకలేమా," అన్నాడు. కూలి సంగతి కాదని ఆమె చెప్పేలోపే బస్సు హారను వినిపించి అతను పరుగెత్తాడు.

ఇంట్లో ఉండలేక ప్రేమ గడ్డపార పట్టుకొని మొక్కల దగ్గరికి పోయింది. ఎండిపోయిన ఒక కానుగను ఎంచుకుంది. వెదురు తడక తీసి పక్కన పెట్టి, కాండం పట్టి లాగింది. రాలేదు. రెండు చేతులా లాగితే కాండం పుటుక్కున విరిగి చేతికొచ్చింది. ఎండిన మొక్కకు అంత పట్టు ఎక్కడిది? గడ్డపారతో పొడిచింది. అరచేతి మందాన ఎర్రమన్ను లేచింది. రెండో పోటుకు గడ్డపార ఠంగుమంది.

వంగి చేత్తో ఊడ్చింది. కింద బూడిదరంగు. పక్కనుంచి కోసుకుంటూ, చెమట కళ్లలో పడుతుంటే పైటతో తుడుచుకుంటూ, ఒక పెళ్లను పెళ్లగించింది. పెళ్ల నడుమ మొక్క వేళ్లు నర్సరీ సంచిలో ఎలా ముద్దగా ఉన్నాయో అలాగే చుట్టుకొని ఉన్నాయి. ఒక్క పోగు బయటికి రాలేదు. రావాలని చూసి, దారి లేక, తన చుట్టూ తానే తిరిగి చచ్చిపోయినట్టుంది. ఆ పైన తాను రోజూ నీళ్లు పోసి చెరువు చేసింది.

దిబ్బ ఇసుకను గుర్తుపట్టడానికి లైనులో పుట్టినవాళ్లకు చదువు అక్కర్లేదు. ప్రేమ లేచి నిలబడింది. ఒళ్లంతా మండింది. పథకం వేసేటప్పుడు ఎర్రమన్నన్నారు, ఎరువన్నారు, బోర్డు పెట్టి ఫోటో దిగారు. లైనువాళ్ల దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న దిబ్బను తవ్వి పోసి, పైన కాస్త ఎర్రమన్ను పూతపూసి పోయారు! ఇంటిముందు మొక్కలకు కూడా విషమే వడ్డించి, మాడిపోతే నీళ్లు దొంగిలించావంటారా? ఆ పెళ్లను పైటలో మూటకట్టుకొని తూర్పు దారి పట్టింది.

కొత్త లేఅవుట్ రోడ్డు పక్కన గుంతలు సిద్ధంగా ఉన్నాయి. వాటి పక్కనే రెండు పెద్ద కుప్పల ఎర్రమన్ను. మెత్తగా, జల్లెడ పట్టినట్టుంది. మూర్తి కాంపౌండు గోడ నీడలో నిలబడి టీ తాగుతున్నాడు. ప్రేమ నేరుగా పోయి మూట విప్పి, బూడిద పెళ్లను ఆ ఎర్ర కుప్ప మీద పెట్టింది.

"వాళ్లకు ఎర్రమన్ను, మాకు దిబ్బ ఇసుకనా సార్? మేమేమన్నా పీనుగులమా, ఇసుకేసి పూడ్చేదానికి?"

మూర్తి పెళ్లను చూశాడు. భయపడతాడనుకుంది. భయపడలేదు. టీ గ్లాసు గోడ మీద పెట్టి మెల్లగా నవ్వాడు.

"దీన్ని నేనేసినాననుకొని వచ్చినావా? రెండు లారీల మన్ను రావాల, ఆ దినం ఒకటే వచ్చింది. చెరువు పక్క గుంతలకే అయిపోయింది. మిగిలినవి ఎట్లా అని నేను తల పట్టుకొనుంటే మీ మామనే వచ్చినాడు. 'నువ్వు పో సామీ, గుంతలు పూడ్చేది నువ్వు మాకు నేర్పాలనా' అన్నాడు. నేను పోయినా. వాళ్లే ఇసుక మోసినారు, వాళ్లే దట్టించినారు. నీ మామనడుగు పో."

"మరి రెండో లారీ ఏమాయ?" అంది ప్రేమ.

"అది కాంట్రాక్టరునడగాల. నేను జీతగాణ్ణి." అతను గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నేను నోరు మూసుకున్నా గాబట్టి నువ్వు నీళ్ల దొంగవి, అంతే. నాల్గు దినాలకు అందరూ మరిచిపోతారు. నోరు తెరిచినానంటే మీ మామ సర్కారు చెట్లను చంపినోడైతాడు. కేసైతాది. ముసిలాయన స్టేషనుకు తిరగగలడా? సుమ్నె, గమ్మున ఇంటికి పో."

ఎంత నిదానంగా అన్నాడు! మన్ను మింగింది ఒకరు, చెట్లు చచ్చింది ఒకచోట, దొంగతనం ఒకరి మీద, హత్య ఇంకొకరి మీద. కాంట్రాక్టరు మీద మాత్రం ఈగ కూడా వాలదు. ప్రేమ పెళ్లను తీసుకుని మళ్లీ మూట కట్టుకుంది. ఆమె మనసు మూర్తి మీద లేదు. ఇంటికి పోయి అడగాల్సిన మాట మీదే ఉంది.


ఆమె పోయేసరికి వెంకటరమణప్ప అరుగు మీద మునగాకు దూస్తున్నాడు. తినేవి ఒక పక్కకు, ఈనెలు ఒక పక్కకు.

"మామా, ఆ గుంతల్లో ఏమేసినారు?"

ముసలాయన ముఖం వెలిగింది. ఇన్నాళ్లకు ఎవరో తన పని గురించి అడిగారు.

"లారీ మన్ను సాల్లా గదా. ఆ మూర్తి ముఖం వేలాడేసుకొని కూర్చున్నాడు. మన దిబ్బ ఉండాది గదా అంటిని. సొన్నప్ప, ఇంగ నలుగురు వచ్చిరి. ఇసుక పోసేది, నీళ్లు చల్లేది, దిమ్మిసతో దట్టించేది. మళ్లా పోసేది, దట్టించేది. గని లోపల మా గ్యాంగు పని అదే గదా పాపా. రాయి తీసేసినాక ఖాళీ వదిలితే ఏమైతాది? పైనుండే కొండ దిగుతాది. మనుషులు పోతారు. ఖాళీ అనేదే ఉండకూడదు. వేలు దూరకూడదు, అట్లుండాల." ఆయన మునగాకు వదిలేసి రెండు చేతులతో దట్టించి చూపించాడు. "ఈ ఆషాఢం గాలికి ఒక్క మొక్కన్నా ఒరిగిందేమో చూడు. ఎండితే ఎండినాయిగాని, ఒక్కటన్నా ఒరిగిందా?"

ప్రేమ మూట విప్పి పెళ్లను ఆయన ఒళ్లో పెట్టింది. ముద్దగా చుట్టుకున్న వేళ్లను చూపించింది.

"దీంట్లో వేరు యాడికి పోతాది మామా?"

ఆయన పెళ్లను తిప్పి తిప్పి చూశాడు. వేళ్ల ముద్దను తాకాడు. తర్వాత చూపుడువేలు ఇసుకలోకి గుచ్చాలని చూశాడు. దూరలేదు. ఇంకోచోట గుచ్చాడు. గోరు వంగింది గాని వేలు దూరలేదు. బాగా దట్టించిన పని అది.

ప్రేమ మూర్తి అన్నదంతా చెప్పింది. "ఎవరికీ చెప్పొద్దు మామా. నేను దొంగగానే ఉంటా. ఉంటే ఏమైతాది? కూలి పోయింది, అంతే గదా," అంది. ఈయన మీద అరవాలనుంది. ఎవరినీ అడక్కుండా ఎందుకు చేశావని నిలదీయాలనుంది. చెట్టు నీడన ఒక్క గాలికాలమన్నా సుఖంగా ఊపిరి తీసుకుంటాడని ఎవరి కోసం ఆరాటపడిందో, ఆ మనిషే ఆ చెట్ల గొంతు దట్టించాడు. అరవడానికి ఆయనలో చెడ్డతనం ఒక్క పిసరు కూడా దొరకలేదు. అదే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది. రొమ్ములోకి దుమ్ము పంపినవాళ్లు పోతూ పోతూ, లోకంలో ఏ ఖాళీనైనా దట్టించాలన్న భయాన్ని కూడా ఆయనలోనే వదిలిపోయారు.

ముసలాయన మునగాకు చాటను పక్కకు జరిపాడు. ఆ పూట అన్నం వద్దన్నాడు. మరునాడంతా ఆ పెళ్లను అరుగు మీద పక్కన పెట్టుకొనే కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు ఏంటదని అడిగితే చెప్పలేదు.


శుక్రవారం తెల్లగా తెల్లవారాక ప్రేమ లేచి చూస్తే మామ గోడ దగ్గర లేడు. మూలనుండే గడ్డపారా లేదు. ఆమె పరుగున బయటికి వచ్చింది.

ఆయన మొక్కల వరసలో ఉన్నాడు. అరిగిపోయిన కంపెనీ బూట్లు తొడుక్కున్నాడు. ఒక వేపమొక్క గుంతను పూర్తిగా తవ్వి తీశాడు. బూడిద పెళ్లలు గట్టు మీద కుప్పగా ఉన్నాయి. వేపమొక్కను వేళ్లముద్దతో సహా తడిగుడ్డ చుట్టి పక్కన పడుకోబెట్టాడు. తాను గుంత అంచున కూర్చొని నోటితో గాలి లాక్కుంటున్నాడు. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. ప్రేమ పక్కన కూలబడి గోటితో వేప కాండం మీద గీరింది. బెరడు కింద సన్నగా పచ్చ కనబడింది.

"ఇట్లాంటివి ఇంకా ఉండాయి," అన్నాడు ఆయన, ఊపిరి అందాక. "గీరి చూసినా. కొన్ని పోయినాయి, కొన్ని పోలా."

లైను గుమ్మాల్లో ఒక్కొక్కరే నిలబడసాగారు. పిల్లమ్మ కూడా చీపురు చేత్తో పట్టుకొని చూస్తోంది. అప్పుడే లారీ వచ్చింది. దాని వెనక జీపు. చైత్ర, గిరీశ్, మూర్తి దిగారు. లారీ మీదినుంచి కూలీలు పారలతో దూకారు.

వెంకటరమణప్ప గడ్డపార ఊతంతో లేచాడు. ప్రేమ ఆయన చెయ్యి పట్టుకుంది, వద్దన్నట్టు. ఆయన విడిపించుకున్నాడు.

"మేడమ్," అన్నాడు. "నా కోడలు నీళ్లు దొంగిలించలా. ఒక్క బిందె ఎవరికీ ఇయ్యలా. చెట్లను చంపింది నేను. దిబ్బ ఇసుక పోసి దట్టించింది నేను. ఏం చేస్తారో నన్ను చేయండి."

మూర్తి ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "చూసినారా మేడమ్? వాళ్ల నోటితోనే చెప్పినారు. వాళ్లే చేసినారు!"

చైత్ర బూడిద కుప్ప వైపు, గుంత వైపు చూసింది. తర్వాత మూర్తి వైపు తిరిగింది. "అన్ని గుంతలకూ ఎర్రమన్ను వేసినామని గదా మీరు చెప్పింది?"

మూర్తి నాలుగు రోజులుగా మడిచి దాచుకున్న కత్తి అది. ముసలాయన దాన్ని తన మీదికే తిప్పుకొనేసరికి అవతలి అంచు మూర్తికి తగిలింది.

"అవన్నీ ఆఫీసులో తేల్చుకోవచ్చు మేడమ్," అన్నాడు గిరీశ్. "లారీ వచ్చింది, మనుషులొచ్చినారు. బతికినవన్నా లేపించండి. ఎండెక్కితే అవీ చస్తాయి."

"లేపండి," అంది ప్రేమ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ముందు నన్ను దొంగ అనిన మాట లేపండి మేడమ్. అందరి ముందరా అన్నారు. అందరి ముందరే తీసేసుకోండి. ఆ తరువాత మొక్కల కాడికి రాండి."

చైత్ర ముఖం ఎర్రబడింది. దొంగ అన్నది గిరీశే. ఆ మాట నమ్మింది మాత్రం ఆమె. గిరీశ్ ఫోను తీసి చూసుకుంటున్నాడు. చైత్ర చున్నీ సర్దుకుంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఊరిని చల్లబరిచే దారులన్నీ తెలుస్తాయి. తప్పయిందమ్మా అనే ఒక్క మాట దగ్గర మాత్రం నాలుక పిడచకడుతుంది.

కూలీలు చెరువు వైపు పచ్చటి మొక్కల దగ్గరికి పారలతో నడిచారు. అప్పుడు పిల్లమ్మ చీపురు గుమ్మంలో పడేసింది. లోపలికి పోయి, తట్ట నెత్తిన పెట్టుకొని వచ్చింది. అందరి నడుమ నుంచి, ఎవరి ముఖమూ చూడకుండా, సంతకు పోయినట్టు నడిచొచ్చింది. వెంకటరమణప్ప తవ్విన గుంతలో తట్ట బోర్లించింది. ఎర్రమన్ను. ఆమె పెరట్లో మల్లెచెట్టు కింది మన్ను. అందులో నాలుగు మల్లె వేళ్లు కూడా తెగి వచ్చాయి.

"ఇంగ రెండు తట్టలు పడతాది," అని తనలో తాననుకుంటూ తిరిగి పోయింది.

సొన్నప్ప తలవంచుకొని నిలబడి ఉన్నాడు. ఆయనా దట్టించినవాడే. ఇంట్లోకి పోయి పార తెచ్చి రెండో గుంత దగ్గర వంగాడు. ఇంకో ఇంటి నుంచి బొచ్చెతో మన్ను వచ్చింది. ఎవరూ కేకలు వేయలేదు. ఎవరూ అడ్డం కూర్చోలేదు. లారీ కూలీలు పారలు నేలకానించి చూస్తూ నిలబడ్డారు. వాళ్లూ ఆండర్సన్‌పేట వైపు లైనువాళ్లే. కాసేపటికి డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"లారీ వెనక్కి పోనీ," అంది చైత్ర చివరికి. "ఈ పార్టు ఇప్పుడే వదలం. సోమవారం నేనొచ్చి చూస్తాను." మూర్తితో, "ఆ ఎర్రమన్ను ఏమైందో నాకు చెప్పాలి," అంది. జీపు ఎక్కబోతూ ఒకసారి ప్రేమ వైపు చూసింది. ప్రేమ తల దించుకోలేదు. ఎదురుచూసింది. ఆ మాట రాలేదు. జీపు పోయింది. లేఅవుట్‌లో ఎర్రమన్ను కుప్పలు ఇంకా అలాగే ఉన్నాయి. సోమవారానికి ఏమవుతుందో ఎవరికి తెలుసు?

గుంత నిండుతుంటే ప్రేమ వేపమొక్కను నిలబెట్టి పట్టుకుంది. వెంకటరమణప్ప చుట్టూ మన్ను సర్దాడు. సర్ది, అలవాటు కొద్దీ బూటుకాలు ఎత్తాడు దట్టించడానికి.

"మామా," అంది ప్రేమ.

కాలు గాలిలోనే ఆగింది. ఆయన దాన్ని వెనక్కి తీసుకొని, అతి కష్టం మీద వంగి, అరచేత్తో మన్నును అద్దాడు. అద్దీ అద్దనట్టు. గుంత ఇంత వదులుగా వదిలేయడానికి ఆయనకు ప్రాణం ఒప్పుకోవడం లేదని ఆ చేతిని చూస్తేనే తెలుస్తోంది.

నీళ్లు? ట్యాంకరు లేదు. కొళాయి రోజు కాదు. ప్రేమ చుట్టూ చూసేసరికి పిల్లమ్మ బిందెతో వచ్చి నిలబడింది. నిండు బిందె. ఆ వారానికి ఆ ఇంటికి ఉన్న తాగే నీళ్లు.

"వద్దక్కా," అంది ప్రేమ.

"నువ్వు ఇయ్యలా. నేను ఇస్తా ఉండా. పట్టు," అని బిందెను ఆమె చేతుల్లోకి తోసింది పిల్లమ్మ.

ప్రేమ బిందె వంచింది. గట్టు తెగకుండా, చేతివేళ్లను అడ్డం పెట్టి సన్నగా పోసింది. పాదు నిండింది. నురగ లేచింది. ఆమె అలవాటుగా ఆగింది. నీళ్లు ఈసారి నిలవలేదు. బుడగలు తేలుతుండగా, ముగ్గురూ చూస్తుండగా, లోపలికి దిగిపోయాయి.

"ఏమే దొంగా, ఇంగో బిందె తాగేట్టుండాదే ఇది," అంటూ పిల్లమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకొని ఇంటివైపు తిరిగింది.